పాత మియాటా, కొత్త మియాటా: రెండూ ఏళ్ల తరబడి నడిపాక నా సమీక్ష

కొత్త రోడ్‌స్టర్లలో (టాప్ తీసే రెండు సీట్ల చిన్న కార్లలో) పాతవాటి మజా ఉందా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ముఖ్యంగా ఇక్కడ బే ఏరియాలో కొత్తగా ఉద్యోగంలో చేరి, చేతిలో నాలుగు డబ్బులు పడగానే టాప్ తీసే కారు కొనాలని చూస్తున్న మన కుర్రాళ్లు. నా దగ్గర 1992 మాజ్దా మియాటా ఉంది, 2019 మియాటా క్లబ్ (మియాటాలో స్పోర్టీ రకం) కూడా ఉంది. రెండూ మాన్యువలే. పాతదాన్ని పదేళ్లకు పైగా నడుపుతున్నాను, కొత్తదాన్ని ఆ మోడల్ వచ్చిన ఏడాదే కొన్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మజా ఉంది, కానీ అది మొదలయ్యే వేగం మారింది. పాత కారులో గంటకు 35 మైళ్ల దగ్గరే దొరికే ఆనందం కొత్తదాంట్లో 50 దాటితే గాని రావట్లేదు. ఈ తేడా మీకు ముఖ్యమా కాదా అన్నదాన్ని బట్టే ఏది కొనాలో తేలుతుంది.

పోల్చడానికి మియాటా కన్నా మంచి కారు లేదు, ఎందుకంటే 1989 నుంచి ఇప్పటిదాకా నాలుగు తరాలు మారినా ముడిసరుకు మారలేదు: ముందు ఇంజను, వెనక చక్రాలకు పవర్, రెండే సీట్లు, గుడ్డ టాప్, తక్కువ బరువు. అంతకుముందు ఈ చిన్న రోడ్‌స్టర్ల రాజ్యం బ్రిటిష్ వాళ్లది. లోటస్ ఎలాన్, ఎంజీబీ, ట్రయంఫ్ లాంటివి. ఎంజీబీ 1980లో ఆగిపోయింది. ఆ తరహా కారు మళ్లీ ఎవరైనా చెయ్యాలని మాజ్దాలో ఇంజనీరు యమమోతోకి చెప్పింది బాబ్ హాల్ అనే అమెరికన్ పాత్రికేయుడు, తర్వాత ఆయనే వెళ్లి మాజ్దా కాలిఫోర్నియా ఆఫీసులో పనిచేశాడు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో కారు బయటకి వచ్చింది. 1.6 లీటర్ల ఇంజను, 116 హార్స్‌పవర్, ధర 13,800 డాలర్లు. 2016కల్లా పది లక్షల కార్లు తయారయ్యాయి. నాకు అన్నిటికన్నా నచ్చే లెక్క ఇంకోటి ఉంది: ఇప్పటి నాలుగో తరం కారు మొదటి తరం కన్నా పొడవులో కాస్త చిన్నది! అన్ని కార్లూ ఏటా ఉబ్బిపోతున్న ఈ రోజుల్లో ఇంజనీర్లు అక్కడ ఎంత పట్టుబట్టి ఉంటారో ఆలోచించండి. బరువు కూడా పాతది సుమారు వెయ్యి కిలోలు, నా 2019 కారు 1,060 దగ్గర. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, ఇప్పటి క్రాష్ రూల్స్ అన్నీ కలిపి పెరిగింది ఒక మనిషి బరువు.

ఇక స్టీరింగు. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పాత కార్ల అభిమానులు చేసే ఫిర్యాదుల్లో సగానికి పైగా దీని గురించే, అందులో నిజమూ ఉంది.

నేను కారు నేర్చుకున్నది విజయవాడలో నాన్న మారుతి 800 మీద. దానికి పవర్ స్టీరింగు లేదు. ఆగి ఉన్న కారులో తిప్పాలంటే భుజం నొప్పి పుట్టేది, కానీ బండి కదిలాక రోడ్డు మీద గతుకు, ఇసుక, తడి అన్నీ చేతికి తెలిసిపోయేవి. ఎవరూ చెప్పకుండానే ముందు టైర్లకు పట్టు ఉందో లేదో అర్థమయ్యేది. 1992 మియాటాలో హైడ్రాలిక్ పవర్ స్టీరింగు ఉంది, అయినా ఆ కబురు చాలావరకు అలాగే చేతికి వస్తుంది. మలుపులో ముందు టైర్లు జారబోయే ముందు స్టీరింగు బరువు కొద్దిగా తగ్గుతుంది. ఆ తగ్గడం నాకు తెలుస్తుంది, కాలు కాస్త వెనక్కి తీస్తాను, కారు మళ్లీ లోపలికి తిరుగుతుంది. ఇదంతా సైకిల్ తొక్కేంత సహజంగా జరిగిపోతుంది.

2019 కారులో ఎలక్ట్రిక్ స్టీరింగు. ఇంజను మీద పంపు భారం ఉండదు, పెట్రోలు కొంత ఆదా, అందుకే దాదాపు అన్ని కంపెనీలూ దీనికే మారాయి. తిప్పగానే ముక్కు వెంటనే కదులుతుంది, ఈ విషయంలో పాతదాని కన్నా చురుకు. బరువు కూడా బాగానే పెట్టారు. కానీ నడిమధ్యలో, అంటే తిన్నగా పోతూ మలుపులోకి దిగే మొదటి క్షణంలో, చేతికి ఏమీ తెలియదు. కారు ఏం చేస్తోందో నడుముకీ వీపుకీ తెలుస్తుంది, అరచేతికి తెలియదు. కొన్న కొత్తలో ఇది నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. కొన్నాళ్లు నడిపాక శరీరం అలవాటు పడింది, సీటులోంచి వచ్చే కబురుని నమ్మడం వచ్చింది, ఇప్పుడు అంత లోటు అనిపించదు. అయినా ఆదివారం పొద్దున పాత కారు తీసి మొదటి మలుపు తిరగగానే, కొత్తదాంట్లో ఏం పోయిందో ప్రతిసారీ గుర్తొస్తుంది. సీటు, ఇంజను, బ్రేకులు ఎంత మెరుగైనా ఆ ఒక్కటి కొత్త కారు తిరిగి ఇవ్వలేకపోయింది.

ఇంజను దగ్గర మాత్రం నేను పాతదాని పక్షాన మాట్లాడలేను. నాలుగో తరం మొదట్లో వచ్చిన రెండు లీటర్ల ఇంజను 155 హార్స్‌పవర్, 6,800 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను చుట్లు) దగ్గర ఆగిపోయేది. 2019లో పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు తేలిక చేసి, గాలి వెళ్లే దారి పెంచి 181 చేశారు, రెడ్‌లైను, అంటే ఇంజను తిరగగల హద్దు, 7,500కి పెంచారు. టర్బో లేదు. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే అంతే జవాబు, ఆలస్యం లేదు. 5,000 దాటాక దాని గొంతు మారుతుంది, అక్కడి నుంచి 7,500 దాకా లాగుతుంటే గేరు మార్చాలనిపించదు. పాత 1.6 కూడా 7,000 దాకా హాయిగా తిరుగుతుంది, కానీ తిప్పి తిప్పి పని చేయించుకోవాలి. సున్నా నుంచి 60 మైళ్లకు దానికి తొమ్మిది సెకన్ల చుట్టుపక్కల పడుతుంది, కొత్తదానికి ఆరు లోపే.

సమస్యల్లా ఇక్కడే, ఇంజను బాగుండటంలోనే! రెండు కార్లలోనూ రెండో గేరు చివరిదాకా వెళ్తే గంటకు 60 మైళ్ల దగ్గరకు వస్తాయి. పాత కారు అక్కడికి చేరేలోపు ఎక్కువసేపు పడుతుంది, ఆ సేపంతా ఇంజను పాడుతూనే ఉంటుంది, మీరు పని చేస్తూనే ఉంటారు, పక్కన ఎస్‌యూవీ వాడు మామూలుగా పోతున్న వేగమే అయినా మీకు పండగలా ఉంటుంది. కొత్తదాంట్లో రెండో గేరు పూర్తిగా వాడేలోపే స్పీడ్ లిమిట్ దాటిపోయి ఉంటుంది, మూడో గేరు చివరిదాకా అంటే 90 పైమాటే, అది రోడ్డు మీద చెయ్యాల్సిన పని కాదు. కారు పూర్తి సత్తాలో ఎంత వాటా రోజూ వాడుకోగలం అన్నదే రోడ్‌స్టర్‌కి అసలు కొలత అని నా నమ్మకం. ఆ కొలతలో 116 హార్స్‌పవర్ పాతది గెలుస్తుంది.

గేరు లివర్ రెండింట్లోనూ అద్భుతం. చిన్న కదలిక, టక్‌మని పడుతుంది. గేర్‌బాక్సు నేరుగా కాళ్ల పక్కనే, లివర్ దాని మీదే ఉంటుంది కాబట్టి మధ్యలో కేబుళ్ల గొడవ లేదు. కొత్తదాంట్లో ఆరు గేర్లు, ఆరోది నేరుగా ఒకటికి ఒకటి. పాతదాంట్లో ఐదే. ఫ్రీవే మీద 70 మైళ్ల దగ్గర పాతది ఐదో గేరులో 3,600 ఆర్‌పీఎం దగ్గర అరుస్తూ ఉంటుంది, కొత్తది ఆరో గేరులో 2,800 దగ్గర నెమ్మదిగా పోతుంది. శాన్ హోసే నుంచి శాక్రమెంటో దాకా వెళ్లి రావాలంటే ఈ తేడా తలనొప్పికీ తలనొప్పి లేకపోవడానికీ ఉన్న తేడా.

నేను ఎక్కువగా నడిపేది ఈ చుట్టుపక్కల కొండ రోడ్ల మీద. స్కైలైన్ అని పిలిచే హైవే 35, అక్కడి నుంచి లా హోండా మీదుగా సముద్రం వైపు దిగే 84, ఇటు బౌల్డర్ క్రీక్ వైపు దిగే హైవే 9. వుడ్‌సైడ్ పైన 35, 84 కలిసే చోట ఆలిసెస్ రెస్టారెంట్ ముందు శని ఆదివారాల్లో కార్లు, మోటార్‌సైకిళ్లు వరసగా ఆగి ఉంటాయి, అక్కడ నిలబడి మాట్లాడుకుంటూ నేర్చుకున్నది చాలా ఉంది. ఇంకోటి లివర్‌మోర్ నుంచి బయల్దేరే మైన్స్ రోడ్డు. పొద్దున్నే లివర్‌మోర్ శివవిష్ణు ఆలయంలో దర్శనం చేసుకుని, అటునుంచి అటే మైన్స్ రోడ్డు పట్టుకుని మౌంట్ హామిల్టన్ మీద లిక్ అబ్జర్వేటరీ దాకా వెళ్లడం మాకు అలవాటు. టాప్ తీసి ఆ ఓక్ చెట్ల మధ్య పోతుంటే ఎండిన గడ్డి వాసన, చలి పొద్దుల్లో హీటర్ వెచ్చదనం కాళ్ల మీద, ఇవి ఏ తరం కారులోనైనా ఒకటే, ఇందులో కొత్తది పాతది తేడా లేదు.

పసుపు బోర్డు మీద 25 అని రాసి ఉండే మలుపుల్లో పాత కారు రాజు. 185 సైజు సన్నటి టైర్లు, పట్టు తక్కువ, అంచేత మామూలు వేగంలోనే కారు కాస్త జారుతూ, సర్దుకుంటూ మీతో ఆడుతుంది. కొత్తది అదే మలుపుని ఏ ఇబ్బందీ లేకుండా తిరిగేస్తుంది, ఏమీ జరగనట్టే. దాని ఆట మొదలవ్వాలంటే రోడ్డు ఇంకా తెరుచుకుని ఉండాలి, స్కైలైన్ మీద దూరం కనిపించే పొడుగు మలుపులు, లేదా మౌంట్ హామిల్టన్ వెనక వైపు శాన్ ఆంటోనియో లోయ. అక్కడ మాత్రం పాతది దానికి దరిదాపుల్లోకి రాదు. రోడ్డు మధ్యలో గతుకు వస్తే పాత కారు బాడీ వణుకుతుంది, అద్దం ఊగుతుంది, తలుపుల దగ్గర కిర్రుమంటుంది. కొత్తది గట్టిగా, ఒకే ముద్దగా ఉంటుంది.

కొత్తదాని మీద నాకున్న ఇంకో అసంతృప్తి మలుపుల్లో ఒరగడం. బాడీ బాగా ఒరుగుతుంది, క్లబ్ మోడల్‌కి బిల్‌స్టీన్ కంపెనీ షాక్ అబ్సార్బర్లు ఇచ్చినా సరే. మెత్తగా ఉంచడం కావాలని చేసిన పనే, వేగం తక్కువ ఉన్నప్పుడు కూడా కారు కదలిక డ్రైవర్‌కి తెలియాలని. నాకు అర్థమైంది కానీ, ఎడమ కుడి ఎడమ అని వరసగా మలుపులు వచ్చినప్పుడు బరువు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి పడేలోపు ఒక క్షణం ఆగాల్సి వస్తుంది. కొంతకాలానికి ముందు వైపు కాస్త మందమైన యాంటీ రోల్ బార్ వేయించాను, చాలావరకు తీరింది. 2022 మోడల్ నుంచి కంపెనీయే ఒక ఉపాయం పెట్టింది: గట్టిగా తిరుగుతున్నప్పుడు లోపలి వెనక చక్రానికి కొద్దిగా బ్రేకు వేసి ఆ మూలని కిందికి లాగుతుంది, దానికోసం ఒక్క గ్రాము బరువు కూడా కలపలేదు. స్నేహితుడి కారులో నడిపి చూశాను, ఒరగడం తక్కువైంది, కానీ బ్రేకు పడుతున్నట్టు తెలియనే తెలియలేదు. మంచి పని చేశారు.

ట్రాక్ సంగతి క్లుప్తంగా. మాంటెరే దగ్గర లగునా సెకాలో రెండు కార్లూ తిప్పాను. 2.238 మైళ్లు, పదకొండు మలుపులు, అందులో కార్క్‌స్క్రూ దగ్గర నేల ఒక్కసారిగా కిందికి పడిపోతుంది, మొదటిసారి అయితే గుండె నోట్లోకి వస్తుంది. ట్రాక్ మీద కొత్తదే గెలుపు, వాదన అవసరం లేదు. బ్రేకులు నమ్మకంగా ఉంటాయి, స్టెబిలిటీ కంట్రోల్ (కారు జారకుండా ఆపే ఎలక్ట్రానిక్ సాయం) బటన్ నొక్కి పట్టుకుంటే పూర్తిగా ఆగిపోతుంది, క్లబ్‌లో మాన్యువల్‌తో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (వెనక చక్రాల్లో ఒకటే ఊరికే తిరిగిపోకుండా ఆపేది) వస్తుంది కాబట్టి మలుపు బయటకు వస్తూ గట్టిగా తొక్కవచ్చు. పాతది అక్కడ తిన్నటి దారుల్లో నీరసంగా అనిపించింది. కొండ రోడ్డు మీద చాలినంత ఇంజను ట్రాక్ మీద చాలలేదు.

రోజువారీ జీవితానికి వస్తే, కొత్తదాని టాప్ ఎంత తేలికంటే సిగ్నల్ దగ్గర సీటులో కూర్చునే ఒక్క చేత్తో లాచ్ తీసి వెనక్కి నెట్టెయ్యవచ్చు. పాతదాంట్లో రెండు లాచ్‌లు, వెనక ప్లాస్టిక్ కిటికీ జిప్పు ముందు తియ్యాలి, లేకపోతే మడత పడి పగులుతుంది. కొత్తదాంట్లో పక్క సీటు ముందు డాష్‌బోర్డు అర లేదు, ఉన్నది సీట్ల మధ్య వెనక వైపు, నడుపుతూ అందుకోవాలంటే మోచెయ్యి మెలితిప్పాలి. కప్పు హోల్డర్లు అడ్డం. స్పేర్ చక్రం లేదు, పంక్చరు ద్రావణమూ గాలి పంపూ ఇస్తారు. పాతదాంట్లో చిన్నదైనా స్పేర్ ఉంది. అమ్మానాన్న వచ్చిన ఆరు నెలలూ "ముగ్గురం కూర్చోలేని కారుకి ఇంత డబ్బా నాన్నా" అని అమ్మ అంటూనే ఉంది, కానీ సాయంత్రం టాప్ తీసి హాఫ్ మూన్ బే దాకా తిప్పాక తనే మళ్లీ ఎప్పుడు వెళ్దాం అని అడిగింది.

భద్రత గురించి సూటిగా చెప్పాలి. 1992 కారులో ఎయిర్‌బ్యాగు ఒక్కటే, డ్రైవర్‌కి. నా కారుకి ఏబీఎస్ కూడా లేదు. పక్కన పికప్ ట్రక్కు నిలబడితే దాని చక్రం మన తలకి సమానంగా ఉంటుంది. ఫ్రీవే 101 మీద సాయంత్రం ఆరు గంటల ట్రాఫిక్‌లో ఆ కారుతో ఉంటే నాకు టెన్షన్, ఇంట్లో మా ఆవిడకి ఇంకా టెన్షన్. పాప పుట్టాక పాత కారుని ఫ్రీవే మీదకి తీసుకెళ్లడం దాదాపు మానేశాను. కొత్తది కూడా చిన్నదే, కానీ అందులో కూర్చున్నప్పుడు మనసు కుదురుగా ఉంటుంది, ఆ కుదురు ఉంటేనే రోడ్డుని ఆస్వాదించగలం.

ఖర్చులు: పాత 1.6 ఇంజనుకి టైమింగ్ బెల్టు 60,000 మైళ్లకోసారి మార్చాలి. తెగినా వాల్వులు వంగని డిజైన్ కావడం అదృష్టం. ముప్ఫై ఏళ్ల రబ్బరు గొట్టాలు, క్లచ్ స్లేవ్ సిలిండరు, టాప్ గుడ్డ, ఇవన్నీ వరసగా మార్చుకుంటూ వచ్చాను. పని ఎక్కువగా ఇంట్లోనే చేసుకోవచ్చు, బానెట్ ఎత్తితే ఇంజను చుట్టూ చెయ్యి పడుతుంది. విడి భాగాలు బాగా దొరుకుతాయి, జపాన్‌లో మాజ్దా స్వయంగా మొదటి తరం కార్లకి భాగాలు మళ్లీ తయారు చేయించింది. ఒక్క జాగ్రత్త: తక్కువ తిరిగే కారు టైర్లు అరగకుండానే ముసలివవుతాయి, పక్కన ముద్రించిన నాలుగంకెల తయారీ తేదీ చూసి మార్చండి, పైన గాడి ఎంత ఉన్నా సరే. కొత్తదాంట్లో బెల్టుకి బదులు చెయిను. ఇప్పటిదాకా ఆయిలు, బ్రేకు ప్యాడ్లు, టైర్లు, బ్యాటరీ, అంతే. ప్రీమియం పెట్రోలు పొయ్యమంటారు, ఫ్రీవే మీద గ్యాలనుకి అధికారిక లెక్క 34 మైళ్లు, నాకు ఆపైనే వస్తోంది.

మిగతా రోడ్‌స్టర్ల మాట. హోండా ఎస్2000 స్నేహితుడిది చాలాసార్లు నడిపాను, తొలి రెండు లీటర్లది. 9,000 దాకా తిరిగే ఆ ఇంజను ముందు నా రెండు కార్లూ నిలబడవు, స్టీరింగు మాత్రం అదీ ఎలక్ట్రిక్కే, 1999లోనే, అందుకే పాతవన్నీ మాట్లాడతాయి, కొత్తవన్నీ మూగవి అంటే ఒప్పుకోను. మొదటి తరం పోర్షే బాక్‌స్టర్ చేతికిచ్చే కబురు నేను నడిపినవాటిలో అన్నిటికన్నా గొప్పది. తర్వాత 2016లో 718 అని వచ్చి ఆరు సిలిండర్లకు బదులు నాలుగు సిలిండర్ల టర్బో పెట్టారు, వేగం పెరిగింది, గొంతు పోయింది. 2020 మోడల్‌లో నాలుగు లీటర్ల ఆరు సిలిండర్లు మళ్లీ తెచ్చారంటేనే జనం ఏం కోరుకున్నారో తెలుస్తుంది. మూడో తరం బీఎండబ్ల్యూ జెడ్4 దూర ప్రయాణానికి హాయి, కానీ బరువు నా కొత్త కారు కన్నా నాలుగు వందల కిలోలకు పైనే ఎక్కువ, అమెరికాలో మాన్యువల్ చాలా ఆలస్యంగా, అదీ పెద్ద ఇంజనుకే ఇచ్చారు. దాన్ని 40 మైళ్ల దగ్గర నడుపుతుంటే మీ అవసరం దానికి లేదన్నట్టు ఉంటుంది. హైదరాబాదు నుంచి అడిగేవాళ్లకు బాధగానే చెప్తున్నాను, మాజ్దా మన దేశంలో కార్లు అమ్మదు, అక్కడ షోరూంలో ఖరీదైన రోడ్‌స్టర్లే చూడగలరు. సెలవులకి అమెరికా, జపాన్ వచ్చినప్పుడు రెండు రోజులు మియాటా అద్దెకి తీసుకోండి.

కాబట్టి నా సలహా ఇది. ఇంట్లో ఇంకో కారు ఉండి, ఆదివారాలకి మాత్రమే ఆడుకోవాలంటే, పనిముట్లు పట్టుకోవడం ఇష్టమైతే, తుప్పు లేని మొదటి తరం మియాటా కొనండి. కింద సిల్ (తలుపు కింది అంచు) దగ్గర, వెనక చక్రాల ముందు, తుప్పు తప్పకుండా చూడండి. ఉన్నది ఒక్కటే కారైతే, రోజూ ఆఫీసుకి దాంట్లోనే పోవాలంటే, 2019 తర్వాతి నాలుగో తరం, మాన్యువల్, క్లబ్. ఆటోమేటిక్ వద్దు, దానికి లిమిటెడ్ స్లిప్ ఉండదు, ఈ కారుని కొనే కారణమే సగం పోతుంది. నన్ను ఒక్కటే ఉంచుకోమంటే కొత్తదే ఉంచుకుంటాను, బాధతోనే, పాప కోసం.

2024 మోడల్‌లో స్టీరింగు సర్ది, డిఫరెన్షియల్ మార్చారు. టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్లినప్పుడు నేను వెతికింది నడిమధ్య దగ్గర ఆ మొదటి క్షణాన్నే. నా 2019 కన్నా అక్కడ ఇప్పుడు పట్టు తెలుస్తోంది, తిప్పడం మొదలుపెట్టగానే బరువు సాఫీగా పెరుగుతోంది. 1992 కారు అంత కాదు. నా కారు ఇచ్చేసి అది తెచ్చుకునేంత తేడా నాకు కనిపించలేదు, కానీ ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు 2024 నుంచి వచ్చినదాన్నే తీసుకోండి.